సద్దులేని రథాల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్య రాయబోయేవాడు ముందు తన ఊరు చెప్పుకోవడం మర్యాద. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొలిచెలమ. ఈ టీక రాస్తున్నవాడిది శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు. పుట్టపర్తికని బయల్దేరి ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్లో దిగేవాళ్లు నిజానికి దిగేది మా ఊరి పక్కనే. దిగీ దిగగానే ఆటో ఎక్కి వెళ్లిపోతారు కాబట్టి మా పేరు వాళ్లకు తెలియదు. ఇద్దరు వ్యాఖ్యాతలకూ పోలిక ఇంతటితో సరి. మూలం దాటి మాట్లాడకూడదని మల్లినాథుడికి పట్టుదల. మాకంత నిష్ఠ లేదు. మూలం నాలుగు పాదాలే, పత్రికవారికి కావలసింది నాలుగు పేజీలు.

వస్తువు 2023 ఫిబ్రవరి 11, శనివారం మధ్యాహ్నం హైదరాబాదులో జరిగిన ఫార్ములా-ఈ కార్ల పందెం. ఆ ఏటి ప్రపంచ పోటీల్లో ఇది నాలుగోది. 2013 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలో చివరి ఫార్ములా-1 పందెం జరిగాక ఆ స్థాయి కార్ల పందెం దేశానికి రావడం మళ్లీ అదే. దాదాపు పదేళ్ల తర్వాత వచ్చింది, వచ్చింది తెలుగు నేలకు. ఒక్కసారే వచ్చింది. కావ్యానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు.

కవి ఎవరో తెలియదు. ఆఖరి పాదాన్ని బట్టి మా ఊరివాడేనని ఊహ. కవి దస్తూరీ వ్యాఖ్యాత దస్తూరీ ఒక్కలాగే ఉండటం కాకతాళీయం.

మూలం

సాగరంబు చుట్టు సద్దులేని రథాలు
పిల్లి పిల్లిఁ దాకె పిట్ట గెలిచె
దాచుకున్న వాడె దక్కించుకొనె కప్పు
కొత్తచెరువు మాట కొసరు మాట

ప్రతిపదార్థం

సాగరంబు చుట్టు = హుస్సేన్‌సాగరం ఒడ్డున; సద్దులేని = చప్పుడు తక్కువైన; రథాలు = కరెంటు కార్లు; పిల్లి = జాగ్వార్ కారు ఒకటి; పిల్లిన్ = అదే జట్టువారి ఇంకో జాగ్వార్‌ను; తాకె = గుద్దెను; పిట్ట = వేరొకడు; గెలిచె = నెగ్గెను; దాచుకున్న వాడె = శక్తిని పొదుపు చేసినవాడే; కప్పు = బహుమానమును; దక్కించుకొనె = సంపాదించెను; కొత్తచెరువు మాట = మా అభిప్రాయము; కొసరు మాట = ఎవరూ అడగనిది.

ఇక విశేషాలు.

‘సాగరంబు చుట్టు’: ఇక్కడ కవి తప్పులో కాలేశాడు. పందెం దారి పొడవు 2.83 కిలోమీటర్లు, మలుపులు 18. అంత చిన్న దారి హుస్సేన్‌సాగరాన్ని చుట్టి రాలేదు. ఎన్టీఆర్ గార్డెన్స్, అప్పటికింకా ప్రారంభం కాని కొత్త సచివాలయం, లుంబినీ పార్కు, ఐమాక్స్, ఇవన్నీ ఉన్న ఒక్క ఒడ్డునే కార్లు తిరిగాయి. ‘సాగరంబు చెంత’ అన్నా గణం చెడేది కాదు, యతి చెదిరేది కాదు. అయినా కవి ‘చుట్టు’ అన్నాడు. దీన్ని అతిశయోక్తి అంటే అలంకారం, బద్ధకం అంటే దోషం. వ్యాఖ్యాత కవి పక్షం కనుక అతిశయోక్తి అనే అంటాడు.

ఆ ఒడ్డు వివరం ఎందుకు పట్టుకున్నామంటే ఎదుటి గట్టున, ట్యాంక్‌బండ్ మీద, నన్నయ, తిక్కన, ఎర్రన విగ్రహాలై నిలబడి ఉన్నారు. భారత యుద్ధంలో రథాల వర్ణనలు వాళ్లలో తిక్కనకు కొట్టిన పిండి. పక్కనే రథాల పందెం జరిగినా నడుమ నీళ్లు అడ్డం. మొక్కి చెప్పుకుందామంటే నీళ్ల మధ్య బుద్ధుడు ఉన్నాడు గానీ ఆయనకు పందేల మీద ఆసక్తి ఉన్నట్టు ఎక్కడా లేదు. 1560ల్లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో చెరువు తవ్వించినవారు ఒడ్డున ఇలాంటి పని జరుగుతుందని అనుకుని ఉండరు. చెరువు గట్టున ఏం జరుగుతుందో చెరువు తవ్వించినవాడి చేతిలో ఉండదని బుక్కపట్నం చెరువు పక్కన బతికే మాకు వేరే చెప్పక్కర్లేదు.

‘సద్దులేని’: ఈ పదం దగ్గర మా ఊళ్లో గొడవైంది. బండలాగుడు పందేలకు ఎద్దుల జతను తయారుచేసే రైతు ఒకాయన వచ్చి నిలదీశాడు.

“అయివారూ, పందెం అంటాండారు, సద్దు లేదంటాండారు. సద్దు లేకుంటే పందెం ఎట్లయితాది? మా బండలాగుడుకు వచ్చి చూడు. ఎద్దులు కదిలితే ఊరు ఊరంతా కేకలు పెడ్తాది.”

ఆయన ఆక్షేపణ తేలిగ్గా తీసేయదగ్గది కాదు. బండలాగుడులో ఎద్దులకు పళ్లను బట్టి తరగతులు ఉంటాయి: పాలపళ్లవి, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన సీనియర్లు. కట్టిన రాయిని ఇచ్చిన నిమిషాల్లో ఎంత దూరం లాగితే అంత. ఇందులో ఎద్దు బలం సగం, వెంట పరిగెత్తేవాళ్ల గొంతు సగం. ఇక్కడ చప్పుడు పందెంలో భాగమే. ఆయన కొలతలో చూస్తే చప్పుడు లేని పందేనికి అసలు జీవమే లేదు.

సమాధానం. ‘లేని’ అన్నచోట ‘లేకపోవడం’ అనే ఒక్క అర్థమే పట్టుకోకూడదు. సంస్కృతంలో నఞ్‌కు ఆరు అర్థాలు చెబుతారు, వాటిలో అల్పత్వం ఒకటి. నడుము లేని పిల్ల అంటే నడుము తెగిపోయిన పిల్ల కాదు, సన్ననడుము పిల్ల. అలాగే సద్దులేని రథం అంటే సద్దు సన్నగిల్లిన రథం. ఫార్ములా-ఈ కారులో పెట్రోలు మంట లేదు కాబట్టి ఫార్ములా-1 కారు గుండెలు అదరగొట్టినట్టు అదరగొట్టదు. దానికీ ఒక కూత ఉంది: మోటారు గిర్రున తిరిగే సన్నని ఈల, దాని వెనక టైర్లు రోడ్డును గీరుకునే చప్పుడు. మొదట వినేది దోమ కూతలా ఉంటుంది, కారు దగ్గరికొచ్చేసరికి పళ్లు జివ్వుమంటాయి. రైతుగారికి ఇంత చెప్పాక ఆయన తల ఊపి, “అయితే సద్దు ఉందనే రాయొచ్చు కదా” అన్నాడు. వ్యాకరణం పూర్తిగా విన్నాక కూడా మనిషికి లోకజ్ఞానం పోకపోవడం ఒక విశేషం.

‘రథాలు’: నాలుగు చక్రాలు, ఒక్క సీటు, పైకప్పు లేదు. ఆ ఏడాదే వచ్చిన మూడో తరం కారు బరువు నడిపేవాడితో కలిపి 840 కిలోలు. 11 జట్లు, జట్టుకు రెండు చొప్పున 22 కార్లు. గరిష్ఠ శక్తి 350 కిలోవాట్లు; పందెంలో మామూలుగా వాడనిచ్చేది 300. ఆ మిగతా 50 సంగతి కింద వస్తుంది.

‘పిల్లి పిల్లిఁ దాకె’: పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. జాగ్వార్ అమెరికా అడవుల్లో తిరిగే పెద్ద పిల్లి. ఆ పేరుతో కార్లు చేసే కంపెనీ 2008 నుంచి టాటావారిది. పందెంలో జట్టు పేరులోనే టీసీఎస్ ఉంది. అంటే పిల్లి విదేశీ, పాలు స్వదేశీ. ఆ రోజు అందరికన్నా ముందు చోటు నుంచి బయల్దేరినవాడు ఆ జట్టులోని న్యూజిలాండ్ కుర్రవాడు మిచ్ ఎవాన్స్. రెండో చోటు డీఎస్ పెన్స్కే జట్టులోని ఫ్రెంచివాడు జాన్-ఎరిక్ వెర్న్‌ది. పందెం నడుస్తుండగా మూడో మలుపు దగ్గర, దారి మెలిక తిరిగి వెనక్కి మళ్లే చోట, ఎవాన్స్ జట్టువాడే అయిన ఇంగ్లీషువాడు సామ్ బర్డ్ లోపలివైపు నుంచి దూరబోయి తోటి పిల్లినే గుద్దాడు. నిస్సాన్ జట్టు కుర్రవాడు ఫెనెస్ట్రాజ్ కూడా ఆ రభసలో చిక్కాడు. ముందు చోటు నుంచి బయల్దేరినందుకు ఎవాన్స్‌కు దక్కిన మూడు పాయింట్లు తప్ప జాగ్వార్ల రెండు కార్లకూ ఆ రోజు ఇంకేమీ రాలేదు. తప్పు తనదేనని బర్డ్ ఒప్పుకున్నాడు. పందెం లోకంలో ఇది అరుదు; మామూలుగా తప్పు ఎప్పుడూ ఎదుటికారుదే.

ఇప్పుడు రైతుగారి రెండో శంక. “పిట్ట పోరూ పిట్ట పోరూ పిల్లి తీర్చింది అంటారు గానీ, పిల్లుల పోరు పిట్ట తీర్చడం యాడుందయ్యా?”

సామెతను కవి తిరగేశాడన్నది సమాధానం. తిరగేసిన సామెతకు ప్రమాణం అడగకూడదు, పందెం ఫలితాల కాగితం చూడాలి. అందులో గెలిచినవాడు వెర్న్. ఇంతలో మా ఊరి డిగ్రీ కుర్రవాడు ఒకడు పూర్వపక్షంగా లేచాడు: “సార్, బర్డ్ అంటేనే పిట్ట. గుద్దింది ఆయనే. పిట్ట గెలిచె అంటే ఆయన గెలిచినట్టా?” ఇది శ్లేష. శ్లేష ఉన్నచోట అర్థం ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతుంది. బర్డ్ పేరుకు పిట్ట, పుట్టుకకు మనిషి, పందెంలో కూర్చున్నది పిల్లి కడుపులో. కాబట్టి ఇక్కడ అతన్ని పిల్లి ఖాతాలోనే వేయాలి. గెలిచిన పిట్ట వేరు.

వెర్న్ మామూలు పిట్టా కాదు. 2017-18లో, 2018-19లో వరసగా రెండుసార్లు ఈ పోటీల్లో జగజ్జేత. 2021 ఏప్రిల్‌లో రోమ్‌లో గెలిచాక మళ్లీ గెలుపు లేకుండా ఉండి, హైదరాబాదులో ఆకలి తీర్చుకున్నాడు.

పిల్లులకు పరాభవం ఇంతటితో ఆగలేదు. రెండో స్థానం ఎన్‌విజన్ జట్టులోని నిక్ కాసిడీది. ఆ జట్టుకు మోటారు అమ్మింది జాగ్వారే. తన ఇంట్లో రెండు కార్లూ బోర్లాపడితే, తన మోటారు కొనుక్కున్నవాడు మెడలో దండ వేసుకున్నాడు. ఏడాది చివర జట్ల పోటీలో గెలిచిందీ ఎన్‌విజనే. కొట్టువాడి కన్నా కొట్టులో సరుకు కొన్నవాడు బాగుపడటం ధర్మవరం పట్టు అంగళ్లలో కూడా ఎవరూ విని ఉండరు.

శంకాంతరం: స్టాక్ కారు ఎక్కడ?

రైతుగారి మూడో ప్రశ్న: “మన ఎర్రమంచి కియా కారును ఆ పందెంలో కట్టలేదా?”

ప్రశ్న చాలా మంచిది. పెనుకొండ మండలం ఎర్రమంచిలో కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో అక్కడి నుంచి సెల్టోస్ బజారులోకి వచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సత్తా దానిది. కానీ హైదరాబాదు పందెం ప్రత్యేకంగా పందేనికే చేసిన కార్ల పందెం, అంగట్లో కొనుక్కునే కార్లది కాదు. అంగడి కారు ముఖం పెట్టుకుని పరిగెత్తే కార్ల పందెం వేరే ఉంది. అమెరికాలో దాన్ని స్టాక్ కారు పందెం అంటారు, నాస్కార్ అనే సంస్థ 1948 నుంచి నడుపుతోంది. దాని పుట్టుక మన సీమవాళ్లకు వెంటనే అర్థమయ్యేది. మద్యం మీద నిషేధాలూ పన్నులూ ఉన్న కాలంలో అమెరికా దక్షిణాది కొండల్లో నాటుసారా చేరవేసేవాళ్లు మామూలు కారు ఇంజన్లను బిగించి పోలీసుల కన్నా ముందు పరిగెత్తించారు. ఆ నేర్పే తర్వాత మైదానాల్లోకి దిగింది. వాళ్లలో జూనియర్ జాన్సన్ అనే ఘనుడు సారా కేసులో జైలుకు వెళ్లొచ్చి, పందేల్లో పేరు తెచ్చుకుని, జట్టు యజమాని అయ్యాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ ఆయనకు క్షమాభిక్ష పెట్టాడు.

ఆ జాన్సన్ కారే మన రెండో పాదానికి ప్రమాణం. 1979 ఫిబ్రవరి 18, ఫ్లోరిడాలోని డేటోనా. 500 మైళ్ల పందెం. అంత దూరపు పందేన్ని ఆరంభం నుంచి అంతం వరకు దేశమంతటా టీవీలో ప్రత్యక్షంగా చూపడం అదే మొదలు. తూర్పు తీరంలో మంచు దట్టంగా కురిసి జనం ఇళ్లలో ఉండిపోయారు, చూడటానికి ఇంకేం లేక అదే చూశారు. ఆఖరి చుట్టు. ముందు డానీ ఆలిసన్, వెన్నంటి జాన్సన్ కారులో కేల్ యార్‌బరో. కేల్ లోపలివైపు దూరబోయాడు, డానీ దారి మూశాడు. రెండు కార్లూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఢీకొట్టుకుంటూ వెళ్లి మూడో మలుపు గోడకు కొట్టుకుని జారి, లోపలి బురదలో ఆగిపోయాయి. అర చుట్టు వెనక ఉన్న రిచర్డ్ పెట్టీ, కొన్నాళ్ల ముందే కడుపులో కొంత భాగం తీసేసే ఆపరేషన్ చేయించుకున్నవాడు, అంతవరకు గెలుపు ఆశే లేనివాడు, ముందుకొచ్చి గీత దాటాడు. వెంట డారెల్ వాల్‌ట్రిప్ కారు నిడివి దూరంలో ఉన్నాడు. ఇటు బురదలో డానీ అన్న బాబీ ఆలిసన్ కారాపుకుని తమ్ముడికి తోడు వచ్చాడు, కేల్‌తో ముష్టియుద్ధం మొదలైంది. దేశమంతా అదీ చూసింది. స్టాక్ కారు పందేలు దక్షిణాది దాటి దేశమంతా తెలిసింది ఈ పందెంతోనే అంటారు. గెలుపు కన్నా గుద్దులాట గుర్తుండిపోవడం వీరరస కావ్యాలకు కొత్తేం కాదు.

రెండు పందేలకూ తేడా ఒక్కటే. డేటోనాలో తన్నుకున్నవాళ్లు ప్రత్యర్థులు, హైదరాబాదులో గుద్దుకున్నవాళ్లు దాయాదులు. పగవాడి దెబ్బ కన్నా దాయాది దెబ్బ రసవత్తరమని భారతం చదివినవాళ్లకు మేం చెప్పాలా. ఇంకో చిన్న చుట్టరికం కూడా ఉంది: వెర్న్ జట్టు పేరులోని పెన్స్కే, జే పెన్స్కే. ఆయన తండ్రి రోజర్ పెన్స్కే స్టాక్ కారు పందేల్లో పేరుమోసిన జట్టు యజమాని. కాబట్టి హైదరాబాదు వీధిలో గెలిచిన కారులో స్టాక్ కారు రక్తం కొంత ఉంది.

ఎర్రమంచి సంగతికి వస్తే, మా దగ్గర కూడా ఒక పందెం జరిగింది, అందులో కారు లేదు. కర్మాగారం నుంచి ఏళ్ల తరబడి దాదాపు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025లో కంపెనీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. కారు లేకుండా ఇంజను ఒక్కటే ఇంత దూరం పరిగెత్తడం డేటోనాలో కూడా జరగలేదు. దీని మీద పద్యం ఇంకా ఎవరూ రాయలేదు.

‘దాచుకున్న వాడె’: ఈ పాదం అనంతపురం సీమలో పుట్టినవాడు తప్ప రాయలేడు. ఫార్ములా-ఈ అంటే వేగం పందెం అనుకునేవాళ్లు మొదటి పది నిమిషాల్లో కంగారుపడతారు. ముందున్నవాడు కావాలనే నెమ్మదిస్తుంటాడు. బ్యాటరీలో ఉన్న శక్తితో మొదటి నుంచీ ప్రాణం పెట్టి పరిగెత్తితే పందెం పూర్తి కాదు. మలుపు ముందు కాలు తీసేసి కారును తన బరువు మీదే పోనివ్వాలి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు తిరిగే ఊపును మళ్లీ కరెంటుగా మార్చి బ్యాటరీలోకి తోడుకోవాలి. ఆ ఏటి మూడో తరం కారులో ముందు ఇరుసుకు పెట్టిన మోటారు పని నడపడం కాదు, ఇలా తోడటమే. వెనక మోటారుతో కలిపి 600 కిలోవాట్ల దాకా వెనక్కి లాగుతుంది. పందెంలో ఖర్చయ్యే శక్తిలో 40 శాతానికి పైగా ఇలా బ్రేకుల దగ్గర తిరిగొచ్చిందే. బోరులో నీళ్లు ఎంతున్నాయో తెలిసి మోటారును విడిచి విడిచి వేసే రైతు చేనే ఆఖరికి పండినట్టు, ఇక్కడా ఎంత మిగిలిందో ప్రతి చుట్టుకూ లెక్క వేసుకున్నవాడిదే గీత.

పైన వాయిదా వేసిన 50 కిలోవాట్ల సంగతి ఇదీ. పందెం మధ్యలో అదనపు శక్తి కావాలంటే నడిపేవాడు తన చక్కని దారి వదిలి, మలుపు బయటివైపు రోడ్డు మీద గీసి పెట్టిన చోటి మీదుగా పోవాలి. అక్కడ తాకితేనే కారుకు కొద్ది నిమిషాల పాటు 350 కిలోవాట్లు వస్తాయి. దారి తప్పినందుకు ముందు చోటు పోతుంది. తప్పకపోతే శక్తి రాదు. ఎప్పుడు తప్పాలన్నదే విద్య. దీన్ని ‘అటాక్ మోడ్’ అంటారు. పేరు దండయాత్రలా ఉంది, చేసే పని పక్కకు తప్పుకోవడం.

రైతుగారు ఇక్కడ మళ్లీ పట్టుకున్నారు. “అందురూ దాచుకుంటారు కదా అయివారూ. మరి వాడొక్కడే యాల గెలిచె?”

నిజమే. దాచడం అందరికీ తెలుసు. దాచుకుంటూనే దారి ఇవ్వకుండా ఉండటం తెలిసినవాడు గెలిచాడు. చివరి చుట్లలో కాసిడీ వెర్న్ తోకకు అంటుకునే ఉన్నాడు. వెర్న్ బ్యాటరీ అడుగంటే దశలో ఉంది. ప్రతి మలుపులో లోపలి దారి మూసి, తిన్నని చోట్ల కొద్దికొద్దిగా ఖర్చుపెట్టి, గీత దాటేసరికి ఇద్దరి మధ్య దూరం అర సెకను కూడా లేదు. అందుకే కవి ‘దాచుకున్న వాడు’ అనలేదు, ‘దాచుకున్న వాడె’ అన్నాడు. ఆ ఏకారంలో అవధారణం ఉంది. గణం కోసం పడ్డ అక్షరమని గిట్టనివారు అంటారు.

పాఠాంతరం

మూడో స్థానం దగ్గర రెండు పాఠాలు ఉన్నాయి. రోడ్డు మీద చూసినవాళ్ల పాఠం: ‘మూడోవాడు సెబాస్టియన్ బ్యుమీ’. ఇతనిదీ ఎన్‌విజన్ జట్టే, వాడిందీ జాగ్వార్ మోటారే. అధికారులు పరిష్కరించి అచ్చువేయించిన పాఠం: ‘మూడోవాడు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా’. బ్యుమీ కారు అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తి వాడిందని శిక్ష వేసి కిందికి తోశారు. ద కోస్టాకు అది ఈ పోటీల్లో నూరో పందెం. గీత దాటేటప్పుడు నాలుగోవాడు, కాగితం మీద మూడోవాడు. జనం కేకలు వేసిందేమో బ్యుమీకి. పండితుల్లో పరిష్కర్త మాటే చెల్లుతుంది కాబట్టి మేమూ రెండో పాఠమే గ్రహించాం. పైగా మొదటి పాఠం పెట్టుకుంటే మూడో పాదం అర్థం చెడుతుంది: దాచుకోనివాడికి కప్పు రావడం కవికి ఇష్టం లేదు.

స్వదేశీ జట్టు మహీంద్రా తరఫున ఆలివర్ రోలాండ్ ఆరోవాడు. సొంతగడ్డ మీద ఆరో స్థానం గురించి పద్యంలో ప్రస్తావన లేదు, టీకలో ఇంతే.

అలంకారం, ఛందస్సు

ఛందస్సు ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు. ఈ ఛందస్సును ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. మొదటి పాదం పరిగెత్తి రెండో పాదంలో తగ్గుతుంది, మళ్లీ పరిగెత్తి మళ్లీ తగ్గుతుంది. ఫార్ములా-ఈ కారు నడక అచ్చంగా ఇదే. కవికి ఆ ఉద్దేశం ఉందా అని అడగకూడదు. ఆటవెలది కాకుండా ఇంకేదీ అతనికి రాకపోవచ్చు.

నాలుగో పాదం ప్రక్షిప్తమని మా డిగ్రీ కుర్రవాడి వాదన. పందేనికీ కొత్తచెరువుకూ సంబంధం లేదు, పాదం తీసేసినా అర్థం చెడదు, అంటాడు. అర్థం చెడని మాట నిజమే. కానీ తీసేస్తే పద్యం మూడు కాళ్ల మంచం అవుతుంది. ఉండనిద్దాం.

తాత్పర్యం

హుస్సేన్‌సాగరం ఒడ్డున చప్పుడు తక్కువైన కార్లు పందెం కట్టగా, ఒకే జట్టు జాగ్వార్లు రెండూ తమలో తాము గుద్దుకుని నష్టపోయాయి. శక్తిని లెక్కగా ఖర్చుపెట్టిన వెర్న్ గెలిచాడు. ఈ మాట కొత్తచెరువులో ఒకడు అన్నాడు.

విశేషం

తాత్పర్యంతో టీక ముగియాలి. ఈ పద్యానికి మాత్రం మూలం గంటలోపు అయిపోయింది, వ్యాఖ్య ఏళ్లుగా నడుస్తోంది. ఆ వ్యాఖ్య మాది కాదు. రెండో పందెం 2024 ఫిబ్రవరి 10కి ఖరారైంది. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది. 2024 జనవరిలో ఫార్ములా-ఈవారు ఆ పందెం రద్దయిందని ప్రకటించారు. 2023 అక్టోబరు 30 నాటి ఒప్పందాన్ని కొత్త ప్రభుత్వం నెరవేర్చడం లేదన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆ రెండో పందెం కోసం చెల్లించిన సుమారు 55 కోట్ల రూపాయల మీద 2024 డిసెంబరులో ఏసీబీ కేసు పెట్టింది. ఇవతలివారు పూర్వపక్షం అన్నదాన్ని అవతలివారు సిద్ధాంతం అంటున్నారు. ప్రతిపదార్థం పోలీసులు రాశారు, అన్వయం న్యాయవాదులు చెబుతున్నారు, తాత్పర్యం న్యాయమూర్తులు చెప్పాలి. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది వాళ్ల పని. ఛందస్సు చూసేవాడు ఖాతా పుస్తకాలు చూడకూడదు.

ఒక్క మాట మాత్రం టీకాకారుడి హక్కుగా చెప్పుకుంటాం. రోడ్డు మీద కార్లు బ్రేకు వేసిన ప్రతిసారీ శక్తిలో కొంత తిరిగి రాబట్టుకున్నాయి. పందేనికి అయిన ఖర్చులో ఏమైనా అలా తిరిగొచ్చిందా అని రైతుగారు అడిగితే మా దగ్గర పదచ్ఛేదం లేదు.

“మళ్లా పందెం పెడ్తారా అయివారూ?” అన్నది ఆయన ఆఖరి శంక. 2024లో పెట్టలేదు. 2025లోనూ పెట్టలేదు. పెడితే రెండో పద్యం ఈ కవే రాస్తాడు. దానికి టీక మాత్రం పాఠకుల్లో ఎవరైనా రాసి పంపాలి. గణాలు సరిచూసి, కార్ల లెక్కలు రెండుసార్లు సరిచూసి, కాగితానికి ఒక వైపే రాసి పంపండి.